నాలుగో గేటు వరసల పుస్తకం

గాలి బోర్డు అధ్యక్షులవారికి, సభ్యులకు, సభ్యుల కుటుంబాలకు, బెజవాడలో ఊపిరి పీల్చే వారందరికీ, ఇంకా పీల్చడం మొదలుపెట్టని పసికందులకు, కృష్ణ మీంచి వచ్చే గాలికి, ఆ గాలికి అడ్డంగా నిలబడ్డ కొండలకు, నాలుగో గేటు గుమాస్తా ఉప్పలూరి సాకేత్, ఎమ్మెస్సీ, చేతులు రెండూ జోడించి, కుదిరితే మూడోది అరువు తెచ్చుకుని జోడించి చేసుకుంటున్న క్షమాపణ ఏమనగా: అంతా నా వల్లే జరిగింది. ఏప్రిల్లో ఎండలు కాయడం నా వల్లే. పోయినేడు మామిడిపూత రాలడం కూడా, ఆ రోజు నేను సెలవులో ఉన్నా, నా వల్లే. క్షమించండి.

తమరు పంపిన తాఖీదు అందింది. గేటు పుస్తకంలో మూడు వందల పదమూడు బంధుత్వాలు పుట్టించాననీ, అందులో ఒకటి సాక్షాత్తూ సహాయ కమిషనరు గారికే అంటగట్టాననీ, ఏప్రిల్ ముప్పైన నలభై మూడు నిమిషాలు కుర్చీ ఖాళీగా వదిలేశాననీ, అదే ఉదయం గేటు చెవికి పదకొండు సెకన్లు ఏమీ వినపడలేదనీ రాశారు. వీటిలో నేను చేసింది ఏదో వారంలోగా చెప్పమన్నారు.

క్షమాపణ అయిపోయింది కాబట్టి ఇక నిజం. గేటు దినచర్యలో రోజూ రాసుకున్నదే ఎత్తి రాస్తున్నాను. ఒక్క ముక్క కలపలేదు. ఒక్క ముక్క తీశాను. అది చివర్లో పెడతాను.

*ఏప్రిల్ 1*

తెల్లవారుజాము 4:40. పన్నెండు సైకిళ్ల గొలుసులకీ నూనె వేశాను. కొబ్బరిపీచు చాపలు తడిపాను. పెద్ద ఫ్యానుకి దణ్ణం పెట్టుకున్నాను. ఇది నిబంధన కాదు, అలవాటు. సైకిళ్లు తొక్కితే ఫ్యాను తిరుగుతుంది, ఫ్యాను తిరిగితే బయటి గాలి తడిచాపల్లోంచి వడకట్టుకుని తేటగాలి వలయం లోపలికి వెళ్తుంది. పొగ వదిలే బండి లోపలికి పోవాలంటే, దాని పొగకి తగ్గట్టు ముందు సైకిలు తొక్కాలి. అదే సుంకం. తొక్కలేకపోతే బాకీ రాస్తాను.

గేటు మీది పలకకి రంగు వెలిసిపోతే మళ్లీ దిద్దాను. "కోటీశ్వరుడికైనా కాళ్లు రెండే." వెనకటికి సుంకం డబ్బుగా ఉండేదట. ఉన్నవాళ్లు కట్టి లోపల పొగ వదిలేవారు, లేనివాళ్లు బయట నిలబడి పీల్చేవారు. అది అన్యాయమని బోర్డు ఏడేళ్లు ఆలోచించి, దేవుడు అందరికీ సమానంగా ఇచ్చిన వస్తువు కోసం వెతికి, కాళ్ల దగ్గర ఆగింది.

4:55. ప్రసన్నాంజనేయులు గారి పాత పెట్రోలు కారు. వయసు కారుకి నలభై, ఆయనకి డెబ్భై. లోపల గాలి బాగుంటుందని రోజూ నడకకి వస్తారు. నడవడానికి కారులో. సుంకం ఐదు వందల తొక్కుళ్లు. గుండె బలహీనమని డాక్టరు కాగితం ఉంది కనక ఆయన బదులు దగ్గరి బంధువు తొక్కవచ్చు. మేనల్లుణ్ని తెచ్చారు. ఈ ఏడాది ఆయన తెచ్చిన పంతొమ్మిదో మేనల్లుడు. ఆయనకి ఒక్కతే చెల్లెలు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. పుస్తకంలో వరస అనే గడిలో "మేనల్లుడు" అని రాశాను. ప్రశ్నించడం నా ఉద్యోగంలో లేదు.

5:10. మార్తమ్మ గారి డీజిల్ వ్యాను. వెనక పద్నాలుగు మంది ఆడవాళ్లు, పద్నాలుగు చీపుర్లు. వలయంలో రోడ్లు ఊడ్చేది వీళ్లే. 5:45కి లోపల హాజరు. లోపల తిరిగే బ్యాటరీ బస్సు 6:30కి మొదలవుతుంది, ఊడ్చిన రోడ్ల మీద నడపాలి కదా. మూడు రోజులు ఆలస్యమైతే పని పోతుంది. అందుకని వలయాన్ని శుభ్రం చేసేవాళ్లు వలయానికి అన్నిటికంటే ఎక్కువ పొగ వదిలే బండిలో వస్తారు. సుంకం రోజుకి తొమ్మిది వందలు.

"ఏం అల్లుడూ, టిఫిను తిన్నావా?"

"మార్తమ్మ గారూ, డ్యూటీలో వరసలు ఉండవండీ."

"డ్యూటీలో ఆకలుంటదిగా?"

పెసరట్టు ముక్క ఆకులో పెట్టి కిటికీలోంచి ఇచ్చారు. పెసరట్టు తీసుకున్నాను. వరస తీసుకోలేదు.

ఆవిడకి యాభై ఎనిమిది. మార్చిలో కుడి మోకాలి చిప్ప అరిగిపోయింది. డాక్టరు కాగితం ఆవిడ దగ్గరా ఉంది, బంధువులే లేరు. భర్త పోయి పదేళ్లు, పిల్లల్లేరు, ఉన్న ఒక్క తమ్ముడు పోయినేడు పోయాడు. మార్చి బాకీ పదకొండు వేల తొక్కుళ్లు. ఈ నెల ముప్పై ఉదయం ఐదున్నరకి బాకీ సున్నా కాకపోతే వ్యాను చదును కేంద్రానికి పోతుంది. జనం దాన్ని అప్పడాల మిషను అంటారు. నాలుగు బళ్లు అప్పడమైతే పార్కులో ఒక బెంచీ వస్తుంది. ప్రసన్నాంజనేయులు గారు నడిచాక కూర్చునేది అలాంటి బెంచీ మీదే.

*ఏప్రిల్ 4*

ఊడ్చే ఆడవాళ్లలో సుగుణ అనే ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చీపురు చంకలో పెట్టుకుని లాయరులా నిలబడింది.

"సారూ, ఆ బంధువుల రూలేదో ఓసారి చదవండి."

"ʻదగ్గరి బంధువు తొక్కవచ్చును.ʼ"

"దగ్గరంటే ఎంత దగ్గర?"

"రాయలేదు."

"ఆరుగురు పట్టే వ్యానులో పద్నాలుగు మందిమి కూర్చుంటన్నాం సారూ. ఇంతకంటే దగ్గర మొగుడూ పెళ్లాలు కూడా ఉండరు."

"వరస చెప్పాలి."

"పిన్ని."

"ఎలా పిన్ని?"

"మా అమ్మని అక్కా అంటది. మా అమ్మ ఈవిణ్ని చెల్లే అంటది. మరి నాకేం కావాలి, పక్కింటావిడా?"

రాశాను. వెనకాల మిగతావాళ్లు వరస కట్టారు. వదిన, తోడికోడలు, మేనకోడలు, మనవరాలు. మనవరాలికి మార్తమ్మ గారి కంటే మూడేళ్లు ఎక్కువ. "మా నాయినమ్మ వరసే, ఏం చెయ్యమంటావ్?" అంది.

ఇది అబద్ధమని తెలియదా అని తమరు అడగవచ్చు. నిజానికి నా దగ్గర ఉన్న కొలత ఒక్కటే: ప్రసన్నాంజనేయులు గారి పంతొమ్మిది మంది మేనల్లుళ్లు. వాళ్లు నిజమైతే వీళ్లు కళ్లకద్దుకునేంత నిజం.

పద్నాలుగు మందీ వంతులేసుకుని తొక్కారు. ఆనాటి సుంకం పోగా పాత బాకీలో ఆరు వందలు తగ్గింది.

*ఏప్రిల్ 9*

వరస పాకింది. కూరగాయల ఆటోవాళ్లు, మంచినీళ్ల ట్యాంకరు, పాలవ్యాను, అందరూ. నిద్రలేక వచ్చినవాడి బదులు నిద్రపోయి వచ్చినవాడు తొక్కుతున్నాడు. జ్వరమొచ్చినవాడి బదులు జ్వరం తగ్గినవాడు. ఒకరినొకరు "మీదే ఊరు?" అని అడుగుతారు. ఊరు కలవకపోతే పక్క ఊరు. అదీ కలవకపోతే పెళ్లికి వెళ్లిన ఊరు. నేను గడియారం పెట్టి చూశాను. వరస కలవడానికి సగటున రెండు నిమిషాలు పడుతోంది. ఇందులో కులం గడి లేదు. నేను తీసెయ్యలేదు, పుస్తకం అచ్చువేసినవాళ్లే మర్చిపోయారు.

ఫ్యాను ఇదివరకెప్పుడూ లేనంత తిరుగుతోంది. చాపలు తొందరగా నల్లబడుతున్నాయి. మధ్యాహ్నం విప్పి గోడకేసి దులిపాను. సుగుణ పని ముగించుకుని వెళ్తూ ఆగింది.

"దుమ్మంతా మా పేట వైపు పోతందే. లోపలేపు దులపొచ్చుగా?"

"లోపల గాలి పాడవుతుంది."

"ఓహో."

ఆ ఓహోని ఏ గడిలో రాయాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

*ఏప్రిల్ 12*

గంధం పట్టాభి వచ్చాడు. టీకొట్టు దగ్గర పచ్చ చొక్కాలు వేసుకుని నిలబడే కుర్రాళ్లు ఇతని మనుషులే. కాళ్లు బలహీనమైన పెద్దమనుషులకి ఇతను మేనల్లుళ్లని సప్లయి చేస్తాడు. బాబాయి కొడుకు కావాలంటే ఒకరోజు ముందు చెప్పాలి.

"సాకేత్ బాబూ, ఇది న్యాయమా? ఒక్కో మేనల్లుడికీ నేను జీతం ఇస్తన్నా, గుడ్లు పెడతన్నా, తొడలకి నూనె రాయిస్తన్నా. వీళ్లేమో ఊరికే చుట్టాలైపోతన్నారు!"

"మీరూ అవ్వొచ్చుగా పట్టాభి గారూ?"

"చుట్టరికం నా వ్యాపారం బాబూ. వ్యాపారం ఊరికే చేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు."

పుస్తకంలో దొంగ చుట్టరికాలు ఉన్నాయని బోర్డుకి అర్జీ పెట్టాడు. దొంగ చుట్టరికాల మీద అతనికంటే తెలిసినవాడు నగరంలో లేడు కనక బోర్డు వెంటనే నమ్మింది.

*ఏప్రిల్ 14*

గేటు స్తంభానికి చెవి బిగించారు. రాగి గరాటులా ఉంది. బిగించిన మెకానిక్కు వివరం చెప్పాడు. ఎవరు ఎవర్ని ఏ వరసతో పిలుస్తున్నారో వారం రోజులు వింటుంది. ఒకరు పిలిస్తే చాలదు. పిలిచినదానికి రెండోవాళ్లు మళ్లీ వరసతోనే పలకాలి. పిలుపూ బదులూ రెండూ పడితే టిక్కుమంటుంది, చుట్టరికం ఖాయం. తుడిచే మీట లేదు.

"దొంగ చుట్టాలు వారం రోజులు నటించలేరండీ," అన్నాడు మెకానిక్కు.

"నిజంగా చుట్టాలే వారం రోజులు నటించలేరు," అన్నాను.

మార్తమ్మ గారు చెవి కిందనుంచే అరిచారు. "అల్లుడూ! ఆ గరాటు పెట్టింది నీ మాట వినడానికా, నా మాట వినడానికా?"

"తెలియదండీ మార్తమ్మ గారూ."

టిక్కు పడలేదు.

*ఏప్రిల్ 21*

చెవి నివేదిక వచ్చింది. చెవిని మాత్రం ఎవరూ విప్పలేదు, వింటూనే ఉంది. పట్టాభి సప్లయి చేసినవి పోగా పుస్తకంలో రాసిన మూడు వందల పన్నెండు వరసలూ నిలబడ్డాయి. వాటితోపాటు మరో నలభై, మేమింకా రాయనివి, దొరికాయి. తప్పినవి పట్టాభి మేనల్లుళ్లవే. ప్రసన్నాంజనేయులు గారి మేనల్లుళ్లు వారమంతా ఆయన్ని "సార్" అన్నారు. ఆయన వాళ్లని "ఏయ్" అన్నారు. ఏయ్ అనేది వరస కాదని యంత్రం తేల్చింది.

నివేదిక చివరి కాగితంలో నా పేరు ఉంది. "సాకేత్, గుమాస్తా. అల్లుడూ అనే పిలుపులు ఇరవై మూడు. బదులు సున్నా. వరస లేదు."

ఇరవై మూడు సార్లు లెక్కపెట్టి మరీ రాసిన యంత్రం, పెసరట్లని మాత్రం లెక్కపెట్టలేదు. మంచిదైంది.

మార్తమ్మ గారి బాకీ పన్నెండు వందలకి దిగింది.

*ఏప్రిల్ 24*

సహాయ కమిషనరు ఇందీవర గారు స్వయంగా వచ్చారు. ప్రసన్నాంజనేయులు గారు మూడు రోజులుగా బోర్డులో అందరికీ ఫోన్లు చేస్తున్నారని తెలిసింది. మేడమ్ గారు కుర్చీ అడగలేదు, నీళ్లు అడగలేదు. పుస్తకం తెరిచి మార్తమ్మ గారిని పిలిపించారు.

"ఈ సుగుణ మీకేమవుతుంది?"

"కూతురండీ. అంటే, మా అక్క కూతురు. అంటే, అక్కలాంటిదాని కూతురు."

"లాంటిది అంటే?"

"అమ్మా, తమరిదేవూరు?"

"అది ఇక్కడ అనవసరం."

"మాటలో మా వైపు జీర తగుల్తంటే అడిగాలే. నాది కౌతవరం."

మేడమ్ గారు పేజీ తిప్పారు. మళ్లీ వెనక్కి తిప్పారు. "గుడ్లవల్లేరు," అన్నారు, పుస్తకంతో చెప్పినట్టు.

"గుడ్లేరులో ఎవరమ్మాయివి?"

"మా నాన్నగారు సైన్సు మాస్టారు. చూడండి, నేను అడిగినదానికి..."

"బుచ్చికోటయ్య మాస్టారా? కప్పని చూపిస్తానని తెచ్చి, పాపం వచ్చి చెరువులో వదిలేసిన మాస్టారా? మా తమ్ముడు ఆయన దగ్గరే చదివాడమ్మా. అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఆయన పోయినరోజు వచ్చా. నువ్వు అరుగు చివర కూర్చున్నావ్, నీలం గౌను. ఎంత పిలిచినా అన్నానికి లేవలా."

గేటు దగ్గర సైకిళ్లు ఆగాయి. ఫ్యాను ఇంకా కాసేపు దానంతట అదే తిరిగి ఆగింది.

"ఆ ముద్ద పెట్టింది మీరా అత్తయ్యా?" అన్నారు మేడమ్ గారు.

"నేనేలేవే కోడలా."

టిక్కుమంది.

అందరం స్తంభం వైపు చూశాం. మేడమ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, నా వైపు తిరిగి, "అది తీసెయ్యండి," అన్నారు. తుడిచే మీట లేదని మనవి చేశాను. పుస్తకంలో మూడు వందల పదమూడో గడి నింపాను. నా చేత్తో రాశాను, ఒప్పుకుంటున్నాను. పుట్టించింది మాత్రం నేను కాదు. అది అప్పటికి ఇరవై ఏళ్లనాటిది.

*ఏప్రిల్ 27*

ఉదయం శుభం. బాకీ మొత్తం తీరింది. ఆడవాళ్లు మార్తమ్మ గారికి బెల్లంముక్క తినిపించారు. నాకూ ఇచ్చారు. సాయంత్రం కొత్త ఉత్తర్వు వచ్చింది. యథాతథంగా:

"చుట్టరికాన్ని కొలుచుట సాధ్యం కాదని అనుభవపూర్వకముగా తేలినందున, ఇకపై బంధువులెవరూ ఒకరి బదులు ఒకరు తొక్కరాదు. ఏ వరసా లేని పరాయివారు మాత్రము, ప్రతిఫలమేమీ పుచ్చుకొనక తొక్కవచ్చును."

సుగుణకి చదివి వినిపించాను.

"అంటే పరాయోళ్లు ఊరికే తొక్కాలా?"

"అంతే."

"ఎవరు తొక్కుతారు సారూ?"

"ఎవరూ తొక్కరనే."

కాళ్లున్నవాళ్లకి ఇబ్బంది లేదు, ఎవరి సుంకం వాళ్లు తొక్కుకుంటారు. పట్టాభి మాత్రం టీకొట్టు బల్ల మీద తల పెట్టుకు కూర్చున్నాడు. జీతం లేని మేనల్లుడు అతని శాస్త్రంలో లేడు. ప్రసన్నాంజనేయులు గారు ఆ సాయంత్రమే కొత్త బ్యాటరీ కారు కొన్నారు. కొత్త కారుకి సుంకం లేదు. కోటీశ్వరుడికైనా కాళ్లు రెండే. బళ్లు ఎన్నైనా ఉండొచ్చు.

మిగిలింది మార్తమ్మ గారు. మూడు రోజుల సుంకం రెండు వేల ఏడు వందలు. పరాయివాడు ఒక్కడు కావాలి.

*ఏప్రిల్ 29*

నాలుగో గేటులో పరాయివాడు దొరకడం లేదు. నెలంతా వరసలు కలిపి కలిపి అందర్నీ ఖర్చుపెట్టేశారు.

నిన్న ఒంగోలు నుంచి మామిడికాయల లారీ వచ్చింది. డ్రైవరుకి ఇక్కడెవరూ తెలియదు. సంగతంతా చెప్తే "దాందేముంది" అని సైకిలెక్కాడు. ఊడ్చేవాళ్లు పద్నాలుగు మందీ కొంగులు నోట్లో కుక్కుకుని నిలబడ్డారు. మార్తమ్మ గారిని వ్యానులో కూర్చోబెట్టి అద్దాలు ఎత్తేశాం. ఎనిమిది వందల దాకా బ్రహ్మాండంగా తొక్కాడు. చెమటలు కారుతుంటే ఆవిడ ఉండబట్టలేక దిగివచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా, మంచినీళ్ల చెంబు అందించారు.

"చల్లగా ఉండు పెద్దమ్మా," అన్నాడు.

ఆవిడ పెదాలు బిగించారు. ఒక మనిషి చల్లగా ఉండమన్నాక బదులు చెప్పకుండా ఊరుకోవడం కౌతవరంలో ఎవరూ నేర్పరు.

"నువ్వు చల్లగుండు కొడుకా."

టిక్కు. ఎనిమిది వందలూ రద్దు.

ఈ ఉదయం ఆవిడే సైకిలెక్కారు. ఆపినా ఆగలేదు, మాట వినే మనిషి కాదు. నూట నలభై తొక్కారు. నూట నలభై ఒకటో దానికి మోకాలు మడతపడి అక్కడే ఉండిపోయింది. నలుగురు పట్టుకుని దించారు. అరవలేదు. "బండి పోతే పోయింది, వీళ్లెట్టా వస్తారే తొమ్మిది మైళ్లు," అన్నారు.

మిగిలినవి రెండు వేల ఐదు వందల అరవై.

*ఏప్రిల్ 30*

4:40. చదును కేంద్రం లారీ వచ్చి గేటు పక్కన ఆగింది. డ్రైవరు గొలుసు దించి వ్యాను బంపరుకి తగిలించి, ఐదున్నర కాలేదు కదాని బీడీ వెలిగించాడు.

సుగుణ కిటికీలోకి చెయ్యి పెట్టి నివేదిక లాక్కుంది. చివరి కాగితం తీసి నా ముందు పరిచింది.

"చదవండి."

"సాకేత్, గుమాస్తా. వరస లేదు."

"నెలంతా పెసరట్టు మెక్కి ఒక్కసారన్నా పలక్కపోతే ఎంత పొగరో అనుకున్నా సారూ. ఇయ్యాల పనికొచ్చింది. ఆవిడకి ఏమీ కాని మనిషి ఈ గేటు మొత్తం మీద నువ్వొక్కడివే. దిగు."

సారూ నుంచి నువ్వుకి ఎప్పుడు మారిందో నేను గమనించలేదు. తరవాత గమనించాను.

నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పాను. గుమాస్తా తొక్కరాదని ఎక్కడా లేదు. గుమాస్తా తొక్కుతాడని ఎవరికీ తట్టినట్టు లేదు. స్తంభం దగ్గరికి వెళ్లి గరాటులోకి గట్టిగా చెప్పాను: "ఉప్పలూరి సాకేత్ అనే నేను మార్తమ్మ గారికి ఏమీ కాను." చెవి ఒప్పుకున్నట్టు దాని మీద పచ్చదీపం వెలిగింది. మార్తమ్మ గారు వ్యాను మెట్టు మీద కూర్చుని విన్నారు.

4:46కి ఎక్కాను. కుర్చీ ఖాళీగా ఉందన్నది ఇందుకే.

ఏడాదిన్నరగా ఈ సైకిళ్లకి నూనె వేస్తున్నాను గానీ ఎప్పుడూ ఎక్కలేదు. ఈ సుంకం న్యాయమా అన్యాయమా అని కుర్చీలో కూర్చుని చాలాసార్లు, ఎమ్మెస్సీ చదివిన ధైర్యంతో, రెండువైపులా ఆలోచించాను. ఆరు వందల దాకా ఆ ఆలోచన సాగింది. పన్నెండు వందల దగ్గర ఆగిపోయింది. ఆ తరవాత తొడలు తప్ప ఏమీ లేవు. పద్దెనిమిది వందల దగ్గర నాకు తెలిసిందేమంటే, నా కాళ్లూ పట్టాభి గుడ్లు పెట్టి పెంచిన కాళ్లూ మార్తమ్మ గారి కాళ్లూ సమానమని రాసినవాళ్లు, కాళ్లని లెక్కపెట్టారు గానీ చూడలేదు.

"అల్లుడూ, మెల్లగా."

పలకలేదు.

"మొహం ఎర్రబడింది. కాసేపాగు అల్లుడూ."

మెడలో తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని కొరికాను. అలవాటుగా మార్తమ్మ గారూ అనబోయి, నోరు తెరిస్తే ఏది వస్తుందో నమ్మకం లేక, అదీ అనలేదు. ఆడవాళ్లు అంకెలు లెక్కపెడుతున్నారు. పాలవ్యానువాడు లెక్కపెడుతున్నాడు. పట్టాభి మేనల్లుడొకడు వచ్చి, "మడమ కాదన్నా, ముందరి పాదంతో తొక్కు," అన్నాడు. ఊరికే చెప్పాడు.

ఆవిడ నన్ను మొత్తం తొమ్మిదిసార్లు పిలిచారు. తొమ్మిదిసార్లూ నేను చెవిటివాణ్ని.

5:29. రెండు వేల ఐదు వందల అరవై. బాకీ సున్నా. చదును లారీ డ్రైవరు బీడీ ఆర్పి, గొలుసు విప్పి, "బోణీ లేదు," అని వెళ్లిపోయాడు.

నేను సైకిలు దిగాను. దిగాననుకున్నాను. కాళ్లు ఇంకా తొక్కుతున్నట్టే ఉన్నాయి. స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

దినచర్య ఇక్కడితో అయిపోయింది. ఇక తీసిన ముక్క.

5:31కి మార్తమ్మ గారు కుంటుకుంటూ ఎక్కి వ్యాను స్టార్టు చేశారు. నల్లటి పొగ, ఈ వలయం ఏర్పడింది దేనికోసమో గుర్తుచేసే అంత పొగ, సూటిగా నా మొహాన కొట్టింది. గేటు ఎత్తాను. వ్యాను నా పక్కకి వచ్చి ఆగింది. ఆవిడ కిటికీలోంచి ఆకుపొట్లం ఇచ్చారు. ఎప్పటిలా నవ్వలేదు. ముప్పావుగంట కింద నేను గరాటులోకి చెప్పిన మాట ఇంకా ఆవిడ మొహం మీదే ఉంది.

"వస్తా అల్లుడూ," అన్నారు. ఈసారి మెల్లగా, పలక్కపోయినా పర్లేదన్నట్టు.

అధ్యక్షా, మూడు వందల పదమూడు బంధుత్వాల్లో ఒక్కటి కూడా నేను పుట్టించింది కాదు. కుర్చీ ఖాళీ చేసింది ఉత్తర్వు ప్రకారమే. తొక్కడం అయిపోయాక వరస కలిస్తే ఆ తొక్కుడు చెల్లదని ఏ ఉత్తర్వులోనూ లేదు, మూడుసార్లు చూశాను. నేను చేసింది ఒక్కటే. మెడలో తువ్వాలు తీసి గేటు చెవికి చుట్టి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. పదకొండు సెకన్లు. అందులో తొమ్మిది ఊపిరి అందక పోయాయి.

మిగతా రెండు సెకన్లలో, "వెళ్లిరా అత్తా," అన్నాను.